గోడ దాటిన నీళ్ళు

విశ్వవిద్యాలయంలో, అణువుల కదలికని కొలిచే ఎన్‌ఎంఆర్ అయస్కాంతం ఉన్న గది. సాయంత్రం. ఆ గదికి పెద్ద అయిన ప్రొఫెసరూ, ఆమె దగ్గరే థీసిస్ చేస్తున్న ఆడపడుచూ మాట్లాడుకుంటున్నారు. అయస్కాంతంలో ఒక ట్యూబ్ ఉంది.

"మానేస్తానంటే ఏం మానేస్తావ్?"

"థీసిస్."

"థీసిస్సా?"

"అవును వదినా."

"మేడం."

"అవును మేడం."

"గుమ్మం బయట వదినని. లోపల మేడంని. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? పిల్లలు వింటే, ఇంటి మనిషి కాబట్టి నెత్తిన పెట్టుకుందని అనుకుంటారు."

"పిల్లలెవరూ లేరు. అందరూ రేపటి సభకి కుర్చీలు సర్దడానికి పోయారు."

"అయస్కాంతం వింటుంది."

"అది హైడ్రోజన్ మాట తప్ప ఎవరి మాటా వినదు."

"చమత్కారాలు తర్వాత. మళ్ళీ చెప్పు. ఏం మానేస్తావ్?"

"థీసిస్ మానేసి ఏదైనా బడిలో సైన్సు చెప్పుకుంటాను."

"నువ్వా? బడిలోనా? మీ అన్నయ్య కూతురికి పదిహేడో ఎక్కం నేర్పిస్తానని కూర్చుని, అరగంటలో దాన్నీ ఏడిపించి నువ్వూ ఏడ్చావు."

"అది నీ కూతురు కూడా వదినా."

"మేడం. ఏడ్చినప్పుడు మీ అన్నయ్య కూతురే. కారణం చెప్పు."

"కారణమేం లేదు."

"ఏ కారణమూ లేకుండా ఐదేళ్ళ పని ఎవరైనా చెత్తబుట్టలో వేస్తారా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదు."

"పెళ్ళి చేసుకుంటున్నావా?"

"లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరింకేం రోగం?"

"కొలతలు రావట్లేదు మేడం."

"ఏ కొలతలు?"

"అవే. గుళికలవి."

"రావట్లేదంటే? సిగ్నల్ రావట్లేదా, వచ్చింది నీకు నచ్చట్లేదా?"

"వస్తోంది. వచ్చేదే..."

"సగం మాట మింగెయ్యకు. వచ్చేదే?"

"రేపు సభ అయ్యాక మాట్లాడుకుందాం."

"రేపు సభలో నేనేం మాట్లాడబోతున్నానో తెలుసా నీకు?"

"మీ సంఖ్య గురించి."

"నా సంఖ్య గురించి. గుళిక లోపలి నీళ్ళు ఎంత వేగంగా గోడ దాటి బయటకొస్తాయో ప్రపంచంలో మొదట కొలిచింది నేను. నీకిది కొత్త కాదనుకో."

"కొత్త కాదు."

"ముందు వరసలో మందులు తయారుచేసేవాళ్ళు కూర్చుంటారు. గుళికలో మందు పెట్టి, గోడ ఎంత మందంగా చెయ్యాలో నా సంఖ్య చూసే నిర్ణయించుకుంటారు. ఆ తర్వాత నిన్ను లేపి నిలబెట్టి, ఇదిగో, ఈ పిల్ల నా పనిని ముందుకి తీసుకెళ్తోంది అని చెప్పాలనుకున్నాను. ఆ వాక్యం రాసేసుకున్నాను కూడా."

"కొట్టేయండి."

"దేన్ని?"

"ఆ వాక్యాన్ని."

"నువ్వు చెప్తే కొట్టేస్తానా? పైగా అది బాగా కుదిరింది. అన్నట్టు, నా బీరువా తాళంచెవి చూశావా?"

"ఏ తాళంచెవి?"

"ఏ తాళంచెవేమిటి, గుత్తిలో చిన్నది. రేపు సభలో నా ట్యూబ్ చూపించాలి. పొద్దున వచ్చి బీరువా తీసి, ట్యూబ్ తుడిచి, మళ్ళీ తాళం వేశాను. ఈ గదిలోకి వస్తూ గుత్తి బయట పళ్ళెంలో పెట్టాను. తిరిగెళ్ళి చూస్తే పెద్దవన్నీ ఉన్నాయి, చిన్నదొక్కటే లేదు."

"అయస్కాంతం లాక్కుందేమో."

"బయట పళ్ళెంలోంచి? గోడ దాటించి?"

"గోడలు దాటడం పెద్ద కష్టం కాదని మీ సంఖ్యే చెప్తోంది కదా."

"ఇవాళ నీ నోరు బాగా లేస్తోంది. ఆ ట్యూబ్ అంటే ఏమిటో తెలుసా? కొలత తీసిన రోజునే దాన్ని తీసుకెళ్ళి..."

"గాజు పనివాడితో మూతి కరిగించి మూయించాను. మా డిపార్ట్‌మెంట్ మొత్తంలో మూత లేని ట్యూబ్ అదొక్కటే. వందేళ్ళయినా లోపలి చుక్క బయటకి రాదు, బయటి చుక్క లోపలికి పోదు."

"వెక్కిరిస్తున్నావా?"

"లేదు మేడం. కంఠతా వచ్చేసింది. చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు మీరు చూపించేది దాన్నే కదా."

"చూపిస్తాను. ఎందుకు చూపించకూడదు? మిగతావాళ్ళు ప్లాస్టిక్ మూతలు పెట్టి, ఆరు నెలలకి ఎండబెట్టి పారేస్తారు. నా ట్యూబ్ అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

"అలాగే ఉంది."

"నువ్వెప్పుడు చూశావ్?"

"అలాగే ఉంటుంది అన్నాను."

"ఫోన్ మోగుతోంది. నీదే. లోపలికెందుకు తెచ్చావ్?"

"అయస్కాంతం లాగకుండా నేల మీద గీసిన గీత దాటలేదుగా. ఇటే ఉన్నాను. అన్నయ్య."

"స్పీకర్ పెట్టు."

"వద్దులే, తర్వాత..."

"పెట్టమన్నానా?"

"హలో, చెల్లాయ్! చెప్పేశావా?"

"అన్నయ్యా, స్పీకర్‌లో ఉన్నావ్. వదిన ఇక్కడే ఉంది."

"ఓహో. వదిన అక్కడే ఉందా. ఏమోయ్, బాగున్నావా?"

"పొద్దునే కదండీ చూశారు. ఏం చెప్పేసిందా అని అడుగుతున్నారు?"

"అదే. కూరలు తెమ్మని."

"కూరలు తెమ్మనడానికి అంత గొంతు తగ్గించాలా?"

"గొంతు బాగాలేదోయ్."

"పొద్దున పాట పాడుకుంటూ గడ్డం గీసుకున్నారు."

"అందుకే పోయింది."

"మీ చెల్లెలు థీసిస్ మానేస్తానంటోంది. తెలుసా మీకు?"

"ఆ, తెలుసు."

"తెలుసా!"

"అంటే, ఇప్పుడు తెలిసింది. నువ్వు చెప్పావుగా."

"నా బీరువా చిన్న తాళంచెవి..."

"నేను తియ్యలేదు. తియ్యమని ఎవరికీ చెప్పనూ లేదు."

"మీరు తీశారని నేననలేదే!"

"అయితే మంచిది. పొయ్యి మీద పాలున్నాయి, పెట్టేస్తున్నా. చెల్లాయ్, తొందరగా చెప్పెయ్. నాన్చకు. నాన్చితే ఇంకా కష్టం."

"పెట్టేశాడు."

"ఏం చెప్పాలి నువ్వు?"

"మానేస్తున్నానని."

"అది చెప్పావుగా."

"చెప్పానని అన్నయ్యకి తెలీదుగా."

"అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. మీ అన్నయ్యకి అబద్ధం చెప్పడం పెళ్ళినాటికీ రాదు, ఇప్పటికీ రాలేదు. నీకు కాస్త వచ్చు. కూర్చో. ఆ కుర్చీ ఇటు లాక్కో. ఇప్పుడు అయస్కాంతంలో ఏముంది?"

"ట్యూబ్."

"ట్యూబ్ కాక టిఫిన్ డబ్బా ఉంటుందా? ఏం ట్యూబ్?"

"గుళికల ట్యూబ్."

"ఏ గుళికలు?"

"మీ పద్ధతిలో చేసినవే మేడం. అక్షరం తేడా లేకుండా."

"అయితే కొలతలు ఎందుకు రావు? మొదటినుంచీ చెప్పు. పరీక్షలో చెప్పినట్టు కాదు, మీ అన్నయ్యకి చెప్పినట్టు చెప్పు. ఎక్కడ తప్పటడుగు వేశావో నీకే తెలుస్తుంది."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ట్యూబ్‌లో నీళ్ళున్నాయి. నీళ్ళలో కంటికి కనపడీ కనపడని గుళికలున్నాయి. గుళికల లోపలా నీళ్ళే. లోపలి నీళ్ళకి చుట్టూ గోడ ఉంది కాబట్టి ఎంత తిరిగినా ఆ గదిలోనే తిరగాలి. బయటి నీళ్ళకి అడ్డం లేదు, ఎంత దూరమైనా పోతాయి."

"మీ అన్నయ్య ఇక్కడ ఆవులిస్తాడు. కానివ్వు."

"అయస్కాంతంలో పెట్టి ఒక దెబ్బ కొడతాం. ఏ అణువు ఎంత ఎత్తులో నిలబడి ఉందో దానికి అంతకి తగ్గ గుర్తు పడుతుంది. కాసేపాగి, మొదటిదానికి విరుగుడుగా రెండో దెబ్బ కొడతాం. ఉన్నచోటే ఉన్నవాటికి గుర్తు చెరిగిపోయి సిగ్నల్ పూర్తిగా తిరిగొస్తుంది. చోటు మారినవాటికి గుర్తు సరిగ్గా చెరగదు. వాటి సిగ్నల్ తగ్గిపోతుంది."

"దాన్నిబట్టి?"

"ఎంత తగ్గిందో చూస్తే ఎంత కదిలాయో తెలుస్తుంది. తక్కువ కదిలినవి గుళిక లోపలివి. ఎక్కువ కదిలినవి బయటివి."

"అది కదలిక. మరి గోడ దాటడం?"

"ఇదంతా రెండుసార్లు చేస్తాం. మొదటిసారి హాజరు తీసుకుంటాం. లోపలెవరు, బయటెవరు అని. కాస్త విరామం ఇస్తాం. మళ్ళీ హాజరు తీసుకుంటాం. మొదటిసారి లోపలున్నవాళ్ళు రెండోసారి బయట తేలితే, మధ్యలో గోడ దాటారన్నమాట."

"బాగానే చెప్పావు. బడిలో ఉద్యోగం ఇవ్వచ్చు. నేను మాత్రం ఇవ్వనివ్వను. కొలతలు తెర మీదకి తియ్యి."

"ఇవిగో."

"విరామం పెంచుకుంటూ పోయావన్నమాట. మంచిపని. మొదటిది ఏదీ? అన్నిటికన్నా చిన్న విరామం?"

"అది ఇక్కడ వెయ్యలేదు."

"ఏం?"

"అది మీకు తెలిసిందే."

"నాకు తెలిస్తే మాత్రం? సరే, ఉన్నవాటినే చూద్దాం. ఇది ఇంత. ఇది ఇంత. ఇది... ఆగు."

"ఆగాను."

"ఇదేమిటి?"

"ఏది?"

"విరామం పెంచినకొద్దీ గోడ దాటే వేగం పెరుగుతోంది."

"పెరుగుతోంది."

"పెరగకూడదు."

"పెరగకూడదు."

"నేనన్నదే తిరిగి అనకు. ఆ గోడే, ఆ నీళ్ళే. ఎంతసేపాగి హాజరు తీసుకున్నా వేగం మాత్రం ఒకటే రావాలి. మనం ఎక్కువసేపు చూస్తున్నాం కదా అని నీళ్ళు పరుగు పెడతాయా?"

"పెట్టవు."

"మరెందుకిలా వచ్చింది?"

"మీరే చెప్పండి మేడం. మీ నోటితోనే వినాలనుంది."

"వేడి ఎంత పెట్టావ్?"

"ఒంటి వేడి. మందు పనిచెయ్యాల్సింది ఒంట్లో కాబట్టి."

"వేడిగాలి ట్యూబ్‌కి ఎటునుంచి తగులుతుంది?"

"కిందనుంచి."

"ట్యూబ్ ఎంత లావు?"

"మామూలు లావు."

"సన్న ట్యూబ్ కాదా?"

"ఇది కాదు."

"ఓరి నాయనో! చేరిన మొదటి నెలలోనే ప్రతివాళ్ళకీ చెప్పే పాఠం ఇది. మీ అన్నయ్య పొయ్యి మీద పాలు పెట్టాడుగా? కిందనుంచి వేడి తగిలితే పాలేం చేస్తాయి?"

"అన్నయ్య మర్చిపోతాడు. పొంగిపోతాయి."

"పొంగకముందు?"

"అడుగున ఉన్నవి వేడెక్కి పైకొస్తాయి. పైవి అడుక్కి దిగుతాయి. అలా గిన్నెలోనే తిరుగుతుంటాయి."

"ఈ ట్యూబ్‌లో జరిగిందీ అదే. లావు ట్యూబ్, కింద వేడి. మొత్తం సరుకంతా గుళికలతో సహా మెల్లిగా సుళ్ళు తిరుగుతోంది. లోపలి నీళ్ళు లోపలే కూర్చున్నాయి. వాటిని మోసుకుంటూ గుళికే కదిలింది. హాజరు తీసేవాడికి అదేం తెలుస్తుంది? ఎక్కువ కదిలింది కాబట్టి బయటికొచ్చేసిందని రాసుకుంటాడు. బస్సు కదిలితే, సీట్లో కూర్చున్నవాడు నడిచాడని రాసినట్టు."

"రాసేశారు."

"రాసేశారేమిటి? రాసేశావు."

"అదే."

"హీటర్ కట్టేసి చూశావా?"

"మధ్యాహ్నం చూశాను."

"ఎంతమంది దాటారు?"

"దాదాపు ఎవరూ దాటలేదు."

"ఎవరూ దాటకపోవడమేమిటి?"

"ఎప్పుడో ఒకటీ అరా. మిగతావన్నీ లోపలే ఉన్నాయి."

"చల్లగా ఉంటే నీళ్ళక్కూడా బద్ధకమే. దాన్ని పట్టించుకోకు. ఒంటి వేడిలో, సన్న ట్యూబ్‌లో కొలిస్తే నా సంఖ్య చక్కగా వస్తుంది."

"రాకపోతే?"

"ఎందుకు రాదు?"

"ఊరికే అడుగుతున్నా. మీరప్పట్లో ఎన్ని విరామాలతో కొలిచారు మేడం?"

"మాట మార్చకు. ఇప్పుడు నడుస్తోంది నీ సంగతి."

"సరే."

"ఒకటే. అప్పట్లో అయస్కాంతం మాకు ఒక్క పూట దొరికితే గొప్ప. అయినా అది వేరు. నేను జాగ్రత్తగా చేశాను."

"జాగ్రత్తగానే చేసుంటారు."

"నువ్వు కాస్త జాగ్రత్తగా చేసుంటే ఈ ఏడుపు ఉండేది కాదు. ఇంకా నయం, నా కళ్ళబడింది. ఇదే అచ్చుకి పంపేసుంటే?"

"పంపితే ఏం చెయ్యాలి?"

"పంపావా!"

"నేను పంపలేదు. ఎవరైనా పంపారనుకోండి. తెలీక."

"వెనక్కి తీసుకోవాలి."

"అచ్చయి చాలాకాలమైతే?"

"అయితేనేం? తప్పు ముదిరితే ఒప్పవుతుందా?"

"అందరూ దాన్నే నమ్ముకుని పనులు చేసుకుంటుంటే?"

"అప్పుడు మరీ తొందరగా తీసుకోవాలి. నువ్వు దీన్ని అంకెల గొడవ అనుకుంటున్నావు. నీళ్ళు గోడ తేలిగ్గా దాటేస్తాయని నమ్మితే మందులవాళ్ళు ఏం చేస్తారు? ఇంకాస్త మందంగా గోడ కడతారు. అసలే దాటని గోడ. రోగం వచ్చినవాడు గుళిక మింగి, మందేసుకున్నాను కదా అని నిశ్చింతగా పడుకుంటాడు. మందు గుళికలోనే పడుకుంటుంది."

"మనిషి తెల్లారేసరికి..."

"ఆ వాక్యం పూర్తి చెయ్యకు. ఇలాంటి కొలత ఎవరిదైనా సరే, నలుగురి ముందూ నిలబడి నాది తప్పు అని చెప్పాల్సిందే."

"బాగా పెద్దవాళ్ళదైతే?"

"పెద్దవాళ్ళయితే ఇంకాస్త పెద్దగా చెప్పాలి. వెనక వరసకి కూడా వినపడేలా."

"పాపం అనిపించదా మేడం?"

"ఎవరి మీద?"

"ఆ తప్పు చేసినవాళ్ళ మీద. కావాలని చెయ్యలేదుగా. ఇష్టపడి, ముద్దుగా దాచుకున్న పని అయ్యుంటుంది."

"అనిపిస్తుంది. తప్పు చేసినవాళ్ళ మీద జాలే. నాకు ఒళ్ళు మండేది వాళ్ళ పక్కనున్నవాళ్ళ మీద. ఒకళ్ళు చూసే ఉంటారు కదా? చూసి, మనకెందుకులే అని నోరు మూసుకున్నారే, అసలు తప్పు వాళ్ళది."

"నోరు మూసుకున్నది మనకెందుకులే అని కాకపోతే?"

"మరెందుకు?"

"ఆ మనిషంటే ప్రాణం కాబట్టి."

"ప్రాణమైతే అందరికన్నా ముందు వాళ్ళే చెప్పాలి. పరాయివాడెవడో సభలో లేచి అడిగేదాకా ఆగుతారా? అదేం ప్రేమ?"

"సభలో ఎవరైనా అడుగుతారంటారా?"

"ఈ రోజుల్లో అందరికీ ఈ పాఠం వచ్చు. ముందు వరసలో ఒక్కడు తెలివైనవాడుంటే చాలు. విరామం మార్చి చూశారా అని అడుగుతాడు. అంతే. నిలబడ్డచోటే నీరుగారిపోవాలి. అందుకే నీ థీసిస్ నా దగ్గర్నుంచి అలా వెళ్ళనివ్వను. ఏమిటి, ఏడుస్తున్నావా?"

"లేదు. ఏసీ కళ్ళలోకి కొడుతోంది."

"ఏసీ నీ వెనకాల ఉంది."

"వదినా, నాకు నువ్వు జడలు వేసేదానివి గుర్తుందా?"

"మేడం... గుర్తులేకపోవడమేం? నేను మీ ఇంటికొచ్చేసరికి నీ జుట్టు చీపురుకట్టలా ఉండేది. దువ్వెన చూస్తే మంచం కిందికి దూరేదానివి."

"నన్ను కూర్చోబెట్టడానికి నీ ట్యూబ్ చేతికిచ్చేదానివి."

"ఇచ్చేదాన్ని. మీ అన్నయ్యని కూడా ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. నీకు మాత్రం ఇచ్చేదాన్ని. తలకిందులు చేస్తే గుళికలన్నీ మెల్లిగా అడుక్కి దిగేవి. అవి దిగుతున్నంతసేపూ కన్నార్పకుండా చూసేదానివి."

"అన్నీ దిగేలోపు రెండు జడలూ అయిపోయేవి."

"ఒక్కొక్కసారి రిబ్బన్లు మిగిలేవి. ఇంకోసారి తిప్పమనేదాన్ని."

"లోపలున్నవాళ్ళు బయటికెలా వస్తారు వదినా అని అడిగాను. నేను కనిపెట్టాను, పెద్దయ్యాక నువ్వూ చూద్దువుగాని అన్నావు."

"అన్నాను. చూడ్డానికే వచ్చావు. అందుకే మానేస్తానంటే కడుపు మండిపోతోంది. నా తర్వాత ఈ గదిలో కూర్చోవాల్సినదానివి. మీ అన్నయ్యని కూడా ఇంతగా నమ్మలేదు నేను. ఆయన పాల సంగతి చూశావుగా."

"నేనంటే నీకు కోపం వస్తే?"

"ఇప్పుడు ఉన్నదేమిటి మరి? శాంతమా?"

"ఇది కాదు. ఇంతకన్నా పెద్దది."

"నీ మీద నాకు కోపం రెండు పూటలుండదు. లే. కళ్ళు తుడుచుకో. థీసిస్ మానెయ్యడం లేదు, ఏమీ లేదు. ఇప్పుడే, నా ఎదురుగానే, సరిగ్గా కొలుద్దాం. ఆ ట్యూబ్ పైకి రప్పించు."

"ఇప్పుడొద్దు వదినా."

"ఇప్పుడే. దాంట్లో సరుకు సన్న ట్యూబ్‌లోకి మారుస్తాం. ఒంటి వేడి పెడతాం. నాలుగు విరామాలు పెట్టి కొలుస్తాం. నా సంఖ్య వచ్చిందా, రేపు నువ్వు వేదిక మీద నా పక్కన నిలబడాలి. రాలేదా, రేపటి సభ ఆపేసి ఎందుకు రాలేదో తేలుద్దాం. ఇంకేం కావాలి నీకు?"

"నిజంగా ఆపేస్తావా?"

"మాటంటే మాటే. నేనెప్పుడైనా తప్పానా?"

"లేదు. ఎప్పుడూ తప్పలేదు."

"మరి బొమ్మలా నిలబడతావేం? ఆ చెక్క మెట్లు ఇలా జరుపు. నేనెక్కుతాను."

"నేను తీస్తాను వదినా. నువ్వు కూర్చో."

"కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నువ్వెక్కుతావా? జారవిడిస్తే గాజుముక్కలు ఏరుకోలేక చావాలి. ఇవిగో, నా కళ్ళద్దాలు పట్టుకో. ఫ్రేము ఇనుముది, అయస్కాంతం లాగేస్తుంది. జాగ్రత్త, గీత అవతలే ఉండు."

"పట్టుకున్నాను."

"ట్యూబ్‌ని పైకి తన్నే గాలి మీట నొక్కు."

"వదినా..."

"సరే, వదినే. ఇవాళ్టికి గుమ్మం లోపల కూడా వదిననే. నొక్కమ్మా."

"నొక్కాను."

"గాలి తన్నుతోంది. ఆ, వస్తోంది. వచ్చింది. అందింది. కళ్ళద్దాల్లేకపోతే ఇంత దగ్గరున్నదీ మసకే నాకు. దిగుతున్నాను."

"మెల్లిగా వదినా. మెల్లిగా దిగు."

"దిగాను. సన్న ట్యూబ్ తెచ్చి పెట్టు."

"వద్దు వదినా."

"అడ్డం రాకు. పిప్పెట్ ఏదీ?"

"బల్ల మీదుంది. దాంతో పని లేదు."

"పని లేకపోవడమేమిటి? మూత తీసి, లోపలిది ఇందులోకి... ఇదేమిటి, మూత చేతికి తగలట్లేదు?"

"కళ్ళద్దాలు పెట్టుకో వదినా."

"ఆ తర్వాత పెట్టుకుంటాలే, మూత ఎక్కడుందో చెప్పు ముందు. ఇంత బిగించేశావేమిటే?"

"దానికి మూత లేదు వదినా."